ఇరవై ఎనిమిదో తేదీ అరువు

డిసెంబరు ఇరవై ఎనిమిదిన సాన్ లూకాస్ ఊళ్లో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. ఉప్పు అడిగితే అయిపోయిందంటారు, అగ్గిపెట్టె అడిగితే తడిసిందంటారు, నిచ్చెన అడిగితే నిచ్చెన మీద కూర్చుని మరీ లేదంటారు. ఆ రోజు అరువిచ్చింది తిరిగి రాదు. ఇచ్చిన మనిషి సాయంత్రం తన వస్తువు కోసం వెళితే, నాలుగు మిఠాయిలున్న అరచేతంత బుట్ట చేతిలో పెట్టి "పాపం, అమాయకుడు!" అని తలుపేసుకుంటారు. బుట్ట పుచ్చుకున్నవాడు నవ్వుతూ ఇంటికి పోవాలి. నవ్వకపోతే ఊరు ఏడాది పొడుగునా వాడిని చూసి నవ్వుతుంది. హేరోదు రాజు బెత్లెహేములో పసిపిల్లల్ని నరికించిన రోజు అది. ఆ నరుకుడికీ ఈ నవ్వులాటకీ సంబంధమేమిటని పాదిరిగారిని అడిగి లాభం లేదు, ఆ రోజు ఆయన కూడా నిజం చెప్పడు.

హెర్లిందాకి ఈ తేదీ అంటే తన పుట్టినరోజు కంటే ఎక్కువ. ఇరవై ఆరేళ్లది, బట్టలు కుట్టి బతుకుతుంది, మొగుడు ఫెర్మిన్ లారీ బోల్తాపడి పోయి మూడేళ్లు దాటింది. నాలుగేళ్ల కూతురు నియేవెస్ తప్ప ఇంట్లో ఎవరూ లేరు. నోరు మాత్రం నలుగురి పెట్టు. పదిహేడో ఏట నుంచి ఒక్క ఏడు కూడా మోసపోలేదు, ఒక్క ఏడు కూడా ఎవరినో ఒకరిని ముంచకుండా వదల్లేదు. కుట్టుమిషను పైన గోడకి ఒక బల్ల కొట్టించి, ముంచిన వస్తువులన్నీ దాని మీద పేర్చింది. రెమేదియోస్ బొగ్గుల ఇస్త్రీపెట్టె, గుడి గంటలు కొట్టే మాక్సిమినో గొడుగు, తమాల్ అనే మొక్కజొన్న పిండి పొట్లాలమ్మే కాసిల్దా రాతి రోలు, ఇంకా ఏవేవో. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు తమ వస్తువుని తామే చూసుకుని, కొలతలిచ్చి, నవ్వి వెళ్లేవారు. ఆ నవ్వులు నిజమైనవేనని హెర్లిందా అనుకునేది. అంతకంటే పెద్ద పొరపాటు ఆమె చేయలేదని చెబుదామంటే, దానికి మించింది ఆ ఏడే చేసింది.

ఆ ఏడు ఆమె మనసు తేలిగ్గా ఉంది. సముద్రం వైపు నుంచి సిమెంటు తెచ్చే లారీ డ్రైవరు క్రిసాంతో ఆమెని పెళ్లాడతానన్నాడు. జనవరి రెండున వచ్చి తల్లినీ పిల్లనీ తన ఊరు తీసుకుపోతాడు, ఆరున, ముగ్గురు రాజుల పండుగనాడు, అక్కడి గుడిలో పెళ్లి. అత్త ఒబ్దూలియాకి ఈ సంగతి గొంతులో ముల్లయింది. ఆమెది ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క రొట్టెల బట్టీ. ఫెర్మిన్ ఆమెకి ఒక్కడే కొడుకు, నియేవెస్ ముఖాన వాడి ముక్కు అచ్చుగుద్దినట్టుంటుంది. పిల్లని నా దగ్గర వదిలి నువ్వెక్కడికైనా పో అని రెండుసార్లు అడిగింది. నా పిల్ల నాతోనే ఉంటుందని హెర్లిందా రెండుసార్లూ ముఖం మీదే చెప్పింది. మూడోసారి ఒబ్దూలియా అడగలేదు. ఆగి, తేదీ చూసుకుంది.

ఇరవై ఎనిమిది పొద్దున రెమేదియోస్ జల్లెడ అడగడానికి వచ్చి గుమ్మంలోనే భంగపడింది.

"జల్లెడ లేదు, చిల్లుల గిన్నె ఉంది, కావాలంటే దాన్నీ ఇవ్వను," అంది హెర్లిందా.

"పోనీ ఒక సూదియ్యవే. బొత్తాం ఊడింది."

"ఊడిన బొత్తాం చూస్తే మీ ఆయన సంతోషిస్తాడు. వెళ్లు."

ఇద్దరూ నవ్వుకుంటుండగా ఒబ్దూలియా వచ్చింది. నల్ల శాలువా కప్పుకుని, చేతిలో గుడ్డ కప్పిన వేడి రొట్టెలు పట్టుకుని ఉంది. పక్కింటి అరుగు మీద ముసలి తిబూర్సియా కొవ్వొత్తులకి వత్తులు పేనుతూ తలెత్తి చూసింది.

"ఏమే హెర్లిందా, ఇవాళ నిన్నేమైనా అడగొచ్చా?"

"అడుగత్తా. ఎలాగూ ఇవ్వను."

"నీ గిన్నెలూ గరిటెలూ నాకెందుకు? పిల్లని ఓ పూట అరువియ్యి. ఇవాళ పాదిరిగారు పసివాళ్లందరికీ నీళ్లు చల్లి దీవిస్తారు గదా. అందరూ మనవల్ని ఎత్తుకుని నిలబడతారు. ఇన్నేళ్లూ నేను ఒట్టి చేతుల్తో నిలబడ్డా. అయిదు రోజులైతే మీరెక్కడో, నేనెక్కడో."

హెర్లిందాకి జాలేసింది. ఆ తేదీన ఎవరి మీదా జాలిపడకూడదని తనే పదిమందికి పాఠం చెప్పిన మనిషి. కానీ పాఠాలన్నీ గిన్నెల గురించీ గొడుగుల గురించీ. అయిదు రోజుల్లో వెళ్లిపోయేవాళ్లకి మనసు కొంచెం ధారాళంగా ఉంటుంది, వదిలిపోయే వాళ్ల మీద ప్రేమ కూడా పుట్టుకొస్తుంది.

"తీసుకెళ్లత్తా. సాయంత్రం దాకా నీదే."

"చేతికియ్యి," అంది ఒబ్దూలియా.

హెర్లిందా పిల్లని ఎత్తి ఆమె చేతుల్లో పెట్టింది. రెమేదియోస్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓసి నీ తెలివి తెల్లారా! అరువిచ్చేశావా?"

"పిల్లంటే ఇస్త్రీపెట్టెనా ఏంటి?" అంది హెర్లిందా. నానమ్మ భుజం మీద నుంచి నియేవెస్ చెయ్యి ఊపింది. రొట్టెలు మాత్రం ఒబ్దూలియా అక్కడే పెట్టి వెళ్లింది. బాగా కాలిన, మంచి రొట్టెలు.

సాయంత్రం నాలుగింటికి బట్టీలో పనిచేసే ఆడమనిషి వచ్చి, అరచేతంత బుట్ట మిషను మీద పెట్టి వెళ్లిపోయింది. అందులో పంచదార గొర్రెపిల్ల ఒకటి, వేరుశెనగ ఉండలు నాలుగు, మడిచిన కాగితం ఒకటి ఉన్నాయి. కాగితం మీద "పాపం, అమాయకురాలు" అని ఉంది. హెర్లిందా ముందు కడుపుబ్బ నవ్వింది. నిజంగానే నవ్వింది, ఎవరి కోసమూ కాదు. తొమ్మిదేళ్లకి తనని ఒకళ్లు ముంచారు, అదీ నవ్వడం చేతకాని ఈ అత్త. ఒక వేరుశెనగ ఉండ నోట్లో వేసుకుని, తల దువ్వుకుని, పిల్ల స్వెట్టరు భుజాన వేసుకుని బయల్దేరింది.

బట్టీ దుకాణానికి వీధి వైపు ఇనప ఊచల గేటు ఉంది. ఆ వేళప్పుడు ఎప్పుడూ తీసి ఉండేది, ఇవాళ మూసి ఉంది. లోపల బల్ల వెనక ఒబ్దూలియా కూర్చుని ఉంది. ఆమె వెనక బట్టీ పనివాళ్లిద్దరు పిండి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సరే అత్తా, ఒప్పుకున్నా, నన్ను ముంచావు. ఊరంతా చెప్పుకో. పిల్లని పిలు, చలిగాలి మొదలైంది."

"బుట్ట ముట్టిందా?" అంది ఒబ్దూలియా.

"ముట్టింది."

"మిఠాయి తిన్నావా?"

"ఒకటి తిన్నా."

"ఇంకేం మరి. ఇంటికెళ్లు."

హెర్లిందా ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వు ముఖం మీద ఉండగానే ఊచల్లోంచి లోపలికి తొంగి చూసింది. అత్త ముఖంలో ఆట లేదు. ఏడు పదుల మనిషి, నలభై ఏళ్లు బట్టీ వేడిలో కాగిన ముఖం, అందులో ఎక్కడా కదలిక లేదు.

"అత్తా, నా పిల్లని నాకియ్యి."

"నీ చేత్తో నువ్వే ఇచ్చావు. రెమేదియోస్ చూసింది, తిబూర్సియా చూసింది. ఏ తారీఖున ఇచ్చావో నీకు తెలుసు. నీ బల్ల మీద వస్తువులు నువ్వెవరికైనా తిరిగిచ్చావా? నా మనవరాలు ఇక్కడే ఉంటుంది. నువ్వెళ్లి నీ డ్రైవరుని చేసుకో, నాకేం బాధలేదు."

హెర్లిందా ఊచలు పట్టుకుని ఊపింది. పిల్ల పేరు పెట్టి అరిచింది. వీధిలో జనం మూగారు. వాళ్లకి ఇంతకంటే మంచి పండుగ ఉంటుందా? ఆమె గొంతు చించుకుంటుంటే కాసిల్దా తమాల్ బుట్ట దింపి మరీ చూసింది.

"అబ్బ, ఎంత బాగా ఏడుస్తోందో చూడండే! ఇంకెవర్ని ముంచడానికో!"

"నిజం కాసిల్దా, పిల్లనివ్వట్లేదు!"

"ఆఁ, ఆఁ. ఏడువు, ఏడువు. పోయినేడు మీ ఇల్లు అంటుకుందని నన్ను బిందెతో పరిగెత్తించావు గదా, ఆ బిందె కూడా నీ దగ్గరే ఉంది."

ఆ రోజు ఆమె కన్నీళ్లకి ఊళ్లో విలువ లేదు. అది ఆమె సంపాదించుకున్నదే.

ఊరి చిన్న జడ్జి దోన్ వెన్సెస్లావోకి మందుల దుకాణం ఉంది. హెర్లిందా అక్కడికి పరిగెత్తేసరికి ఆయన నలుగురు స్నేహితులతో చెరకు సారా తాగుతూ, హేరోదు రాజులా తలకి కాగితం కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. అప్పటికి వెంటవచ్చిన జనంతో దుకాణం నిండిపోయింది. ఆయన మందులు నూరే కల్వపు రోకలి తీసుకుని బల్ల మీద మూడుసార్లు కొట్టాడు.

"ఇది చిక్కు కేసు. అరువు ఇరవై ఎనిమిదిది. ఆచారం ప్రకారం పిల్ల ఒబ్దూలియాదే. ఆచారం తప్పాలంటే ముందు హెర్లిందా తప్పాలి. ఏమే, ఎన్నేళ్ల సామాను ఉంది నీ దగ్గర?"

"తొమ్మిదేళ్లదండీ."

"ఒక్కొక్కటీ ఎవరిది వాళ్లకి తిరిగివ్వు. అందరూ జనవరి రెండున ఇక్కడికొచ్చి 'మాది మాకు ముట్టింది' అని చెప్పాలి. ఒక్కరు కూడా తక్కువ కాకూడదు. చెబితే నేనే వెళ్లి పిల్లని తెచ్చి నీ చేతిలో పెడతా. తీర్పు!"

జనం చప్పట్లు కొట్టారు. హెర్లిందా ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుంది. ఆ చప్పట్లలో ఏదో తేడా ఉందని ఆమెకి తట్టలేదు. పిల్ల కోసం గుండె కొట్టుకుంటున్న తల్లికి ఏదీ తట్టదు.

మర్నాడు పొద్దున్నే బల్ల మీది వస్తువులన్నీ దించి, తుడిచి, ఒక్కొక్కటే పట్టుకుని బయల్దేరింది. ఇవ్వడం అంటే ఇచ్చేసి రావడం అనుకుంది. తొమ్మిదేళ్లుగా దాని కోసం కాచుకుని ఉన్నవాళ్లు అంత తేలిగ్గా పుచ్చుకుంటారా? రెమేదియోస్ ఇస్త్రీపెట్టెని ఎగాదిగా చూసింది.

"పనిచేస్తుందో లేదో నాకేం తెలుసు? చేసి చూపించు," అని ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి కుప్పపోసింది. హెర్లిందా చీకటిపడేదాకా ఇస్త్రీ చేసింది. మాక్సిమినో తన గొడుగు తెరిచి, ఒక ఊచ విరిగిందని, బాగుచేయించి తెమ్మని వెనక్కి పంపాడు. కాసిల్దాకి రోలు, బిందె ఇచ్చినా చాలలేదు, ఆమె టర్కీకోడి కూడా ఒకటుంది, దాన్ని నాలుగేళ్ల కిందటే కోసుకు తినేశారు. హెర్లిందా పెళ్లికి కొనుక్కున్న బూట్లు అమ్మి, బరువైన టర్కీకోడిని చంకన పెట్టుకుని వెళ్లింది.

"నాది గుడ్లు పెట్టేది. ఇది మగది," అంది కాసిల్దా.

"మార్చి తెస్తా."

"తే. తొందరేం లేదు, రెండో తారీఖు దాకా టైముంది."

ప్రతి గుమ్మం దగ్గరా నలుగురు పోగై చూస్తూనే ఉన్నారు. ఆమె వెళ్లాక లోపల్నుంచి నవ్వులు వినిపించేవి. నవ్వుకోనీ, నా పిల్ల నాకొస్తే చాలు అనుకుంది. రెండు రోజుల్లోనే ఆమె ముఖం పీక్కుపోయింది. ముప్ఫైన బట్టీ ముందు నుంచి వెళుతుంటే పై కిటికీలో నియేవెస్ కనిపించింది. కొత్త గౌను, రెండు జడలు, చేతిలో తీపి రొట్టె.

"అమ్మా! నానమ్మ దగ్గర కుందేళ్లున్నాయి!"

"నానీ, కిందికి రా!"

"రాకూడదు. నేను అరువులో ఉన్నా!" అంది పిల్ల గొప్పగా. వెనకనుంచి ఎవరో కిటికీ మూశారు. హెర్లిందా నడివీధిలో అలాగే నిలబడిపోయింది. పిల్ల బాగానే ఉందన్న సంతోషం, తను లేకుండా బాగానే ఉందన్న కోపం రెండూ ఒకేసారి వచ్చి ఆమెని తినేశాయి.

జనవరి ఒకటో తేదీకి అందరివీ ముట్టాయి, ఒక్క తిబూర్సియాది తప్ప. దాన్ని చివరికి ఉంచింది కావాలనే. అది బల్ల మీద ఉండే వస్తువు కాదు. రెండేళ్ల కిందట, ఇరవై ఎనిమిదిన, పిల్లకి జ్వరమని అబద్ధం చెప్పి తెచ్చిన మందపాటి ఉన్ని దుప్పటి. పిల్ల రోజూ దాన్నే కప్పుకునేది.

తిబూర్సియా పెరట్లో కొవ్వు కాగుతోంది. పైన చక్రానికి వేలాడే వత్తుల్ని ఆమె ఒక్కొక్కటే అందులో ముంచి తీస్తోంది.

"పిన్నీ, నీ దుప్పటి తెచ్చా."

"ఏ దుప్పటి?" ముసలామె చక్రం తిప్పుతూనే అడిగింది. "ఓ, అదా. అది నీదే తల్లీ. ఇరవై ఎనిమిదిన ఇచ్చాగా. బుట్ట కూడా ముట్టింది."

"కాదు పిన్నీ, తీసుకో. నువ్వు చెప్పకపోతే నా పిల్ల రాదు."

"నాకెందుకిప్పుడు? కప్పుకునే మనిషి లేడు." ఇంకో వత్తి ముంచింది. "ఆ నెలంతా మా ఇలారియోకి దగ్గు. నా రెండు లంగాలూ ఆయన మీద కప్పి నేను పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. జనవరి మూడున మళ్లీ నీ గుమ్మం దగ్గరికొచ్చా, గుర్తుందా? బతిమాలుకున్నా. అప్పుడు నువ్వేమన్నావు?"

హెర్లిందాకి గుర్తుంది. "పాపం, అమాయకురాలు, రెండోసారి కూడా!" అని తలుపేసింది. ఆ ముక్కని సంతలో వారం రోజులు చెప్పి నవ్వించింది. జనవరి పంతొమ్మిదిన ఇలారియో పోతే శవం వెంట కొవ్వొత్తి పట్టుకుని నడిచింది కూడా. ఆ రెంటికీ సంబంధం ఉందని ఆమెకి అప్పుడే తెలుసు. తెలిసిన సంగతిని తెలియనట్టు పెట్టుకోవడం మనిషికి కష్టమేమీ కాదు.

ఆమె మట్టిలో మోకాళ్ల మీద కూలబడింది. "నన్ను క్షమించు పిన్నీ. నాదే పాపం. నన్ను కొట్టు, తిట్టు, పిల్లని మాత్రం…"

తిబూర్సియా కొట్టలేదు, తిట్టలేదు. లెమ్మని కూడా అనలేదు. చక్రం మీది వత్తులన్నీ ఒక చుట్టు ముంచింది, ఆరాక రెండో చుట్టు ముంచింది, మూడో చుట్టు ముంచింది. ఎండ గోడ దిగిపోయింది. హెర్లిందా మోకాళ్ల కింద గులకరాళ్లు దిగి నెత్తురొచ్చింది. చివరికి ముసలామె చేతులు తుడుచుకుని దుప్పటి అందుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పిల్ల వాసన తప్ప అందులో ఏముంటుంది?

"రేపొస్తా. చెబుతా. ఇక లేచి వెళ్లు."

హెర్లిందా ఆమె పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పిల్ల బట్టలు మూటకట్టింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అన్నం సయించింది.

రెండో తేదీ పొద్దున మందుల దుకాణం కిటకిటలాడింది. దోన్ వెన్సెస్లావోకి ఇవాళ కిరీటం లేదు, కళ్లజోడు ఉంది. ఒబ్దూలియా కుర్చీలో కూర్చుంది, పిల్లని తీసుకురాలేదు. ఒక్కొక్కరే ముందుకొచ్చి "మాది మాకు ముట్టింది" అని చెప్పారు. రెమేదియోస్ చెప్పింది, మాక్సిమినో చెప్పాడు, కాసిల్దా చెప్పింది. తిబూర్సియా అందరికంటే చివర వచ్చి, "దుప్పటి ముట్టింది" అని వెనక్కి వెళ్లి నిలబడింది.

"అయిపోయింది," అంది హెర్లిందా. "ఇక పిల్లని తెప్పించండి."

జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎందుకు తెప్పించాలి?"

"మీరు తీర్పు చెప్పారు గదండీ!"

"చెప్పాను. ఏ తారీఖున చెప్పాను?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. దుకాణంలో ఎవరో పకపకమన్నారు, ఇంకెవరో ఉస్సుమన్నారు.

"ఇరవై ఎనిమిదిన చెప్పాను," అన్నాడాయన. "అదీ నెత్తిన కాగితం కిరీటంతో. ఆ రోజు నోటితో అన్న మాట ఎవరైనా నమ్ముతారా? ఊళ్లో పసివాడు కూడా నమ్మడు. ఎవరు నమ్మినా నువ్వు నమ్మవనుకున్నా హెర్లిందా. ఒట్టు, మర్నాడే వచ్చి నన్ను తిడతావనుకున్నా. నువ్వేమో ఇస్త్రీ చేస్తూ కూర్చున్నావట."

నవ్వు పెల్లుబికింది. అయితే ఈసారి అందరూ నవ్వలేదు, సగం మందే నవ్వారు. మిగతా సగం తమ చెప్పుల వంక చూసుకున్నారు. వాళ్లకీ తెలుసు. ఊరందరికీ అయిదు రోజులుగా తెలుసు. తెలిసే గొడుగు బాగుచేయించుకున్నారు, తెలిసే టర్కీకోడిని మార్పించుకున్నారు.

"అలాగైతే నేనన్న మాటా ఉత్తదే!" హెర్లిందా బల్ల మీద చెయ్యి చరిచింది. "నేనూ ఆ రోజే అన్నా! సాయంత్రం దాకా నీదే అన్నా, అదీ నోటి మాటే!"

మాట గట్టిగానే తగిలింది. జడ్జి ఒబ్దూలియా వంక చూశాడు.

"నోటితో చెప్పింది మాట," అంది ఒబ్దూలియా నెమ్మదిగా. "చేత్తో ఇచ్చింది వస్తువు. నేను చేతికియ్యమన్నా, అది ఇచ్చింది."

"అదీ నిజమే," అన్నాడు జడ్జి, ఆ చిక్కు తీరినందుకు ఊపిరి పీల్చుకుంటూ. ఆ తర్వాత కొంచెం మెత్తగా, "కాదంటే జిల్లా కోర్టుకెళ్లవే. వెళ్లొద్దనను. పెళ్లికాకుండానే ఒకడి లారీ ఎక్కి పోయే దానివి నువ్వు, ఇల్లూ బట్టీ ఉన్న సొంత నానమ్మ ఈవిడ. మూడేళ్లు తిప్పుతారు. అప్పటికి పిల్లకి నీ ముఖం గుర్తుండదు," అన్నాడు.

జనం చెదిరిపోయారు. తిబూర్సియా గుమ్మం దగ్గర కర్ర వెతుక్కుంటుంటే హెర్లిందా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకు తెలుసా పిన్నీ?"

"తెలుసు."

"నిన్న నేను మోకాళ్ల మీదున్నప్పుడు కూడా తెలుసా?"

"అప్పుడు మరీ బాగా తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"దుప్పటి రావాలి గదా," అంది ముసలామె. అందులో కోపం లేదు, కసి లేదు. కర్ర దొరికింది, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి క్రిసాంతో లారీ వచ్చింది. ఇంజను ఆపకుండానే దిగి, గుమ్మంలో ఉన్న మూటలు లారీలో పెట్టాడు. హెర్లిందా చెప్పిందంతా విని, టోపీ వెనక్కి తోసుకుని, లారీ చక్రం వంక చూశాడు. గేటు విరగ్గొడదాం రమ్మని ఆమె అడిగింది.

"గేటు విరగ్గొడితే జైల్లో పెడతారు. లారీ నాది కాదు, ఓనరుది," అన్నాడు. "ఇలా చూడు. ఇప్పటికి వదిలెయ్. ముసల్ది ఎన్నాళ్లుంటుంది? అక్కడ పిల్లకి పాలు, రొట్టెలు. మా అమ్మ కూడా… పిల్లతో అంటే కొంచెం గునుస్తోంది. ఈస్టరుకి వచ్చి చూద్దాం. మనకీ పుడతారు గదా."

అతని ముఖంలో దిగులుంది గాని, దిగులు వెనకాల ఊరట కూడా కనిపించింది. ఎంత దాచినా దాగలేదు. హెర్లిందా ఆ ఊరటని చూసింది. లారీలోంచి తన మూట తీసుకుంది. పిల్ల మూట కూడా తీసుకుంది. క్రిసాంతో రెండుసార్లు పిలిచాడు, మూడోసారి హారను కొట్టాడు, ఆ తర్వాత సిమెంటు దించే వేళ అయిందని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె బట్టీ గేటు దగ్గర నిలబడి, పనేదైనా ఉందా అని అడిగింది. అరవలేదు, ఏడవలేదు. ఒబ్దూలియా బల్ల వెనక నుంచి లేచి గేటు దగ్గరికి వచ్చింది.

"పిండి పిసికే మనిషి కావాలి. నాకు పనిమనిషి కావాలి గాని, ఈ ఇంట్లో పిల్లకి తల్లి అక్కర్లేదు. అర్థమైందా? పనివాళ్లందర్నీ పిల్ల పేరు పెట్టే పిలుస్తుంది. నువ్వు పలకాలి. పలకని రోజున గేటు బయటే."

"అర్థమైంది," అంది హెర్లిందా.

గేటు తెరుచుకుంది. ఆమె చేతులు కడుక్కుని, గోడకి వేలాడుతున్న గోనె గుడ్డ నడుముకి చుట్టుకుని, తొట్టిలో పిండి ముందు నిలబడింది. గంట గడిచాక లోపలి తలుపులోంచి నియేవెస్ పరిగెత్తుకొచ్చింది. చేతిలో కుందేలు పిల్ల.

"అమ్మా!"

హెర్లిందా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. పనివాళ్లిద్దరూ తలలు వంచుకుని పళ్లేల్లో రొట్టెలు సర్దుతున్నారు. ఒబ్దూలియా గొంతు పెంచలేదు.

"కాదు బంగారం. ఇందాక ఏం చెప్పాను? ఇది ఏం ఆట?"

పిల్ల నానమ్మ వంక చూసింది, తల్లి వంక చూసింది. కొత్త ఆట కాబట్టి దానికి సరదాగా ఉంది. ముసిముసిగా నవ్వుతూ, "హెర్లిందా," అంది.

హెర్లిందా తలెత్తలేదు.

"హెర్లిందా! నీక్కాదా చెప్పేది?" అని ఇంకా గట్టిగా పిలిచి, కుందేలు పిల్లని నేల మీద వదిలి, నానమ్మ నడుం మీద చెయ్యేసుకున్నట్టే తనూ నడుం మీద చెయ్యేసుకుంది. ఒబ్దూలియా లేచి, గేటు తాళం చెవి బల్ల మీద పెట్టింది.

"హెర్లిందా, నాకు రొట్టె!"

"వస్తున్నా," అంది హెర్లిందా, పిండి చేతులు గోనె గుడ్డకి తుడుచుకుంటూ.